డిజిటల్ పటరచన: తరచుగా ఎదురయ్యే చిక్కులు, వాటి పరిష్కారాలు

భూమిని కొలవడం, కొలిచినదానిని చిత్రించడం మానవ నాగరికతతో పాటు పెరిగిన విద్యలు. రాజ్యాల సరిహద్దులు, పొలాల గట్లు, ఓడల మార్గాలు పటాల ఆధారంగానే నిర్ణయమవుతూ వచ్చాయి. నిన్న మొన్నటి వరకు పటం కాగితం మీద ఉండేది. దానిని ఏ సంవత్సరంలో, ఏ కొలమానంతో, ఏ పద్ధతిలో తయారు చేశారో నాలుగు పంక్తులు పటం అంచున ముద్రించి ఉండేవి. నేడు పటం కంప్యూటరు తెర మీదికి వచ్చింది. ఎంత కావాలంటే అంత పెద్దదిగా చూడవచ్చు. ఒకదాని మీద ఒకటిగా పది పటాలను పేర్చవచ్చు. కాని అంచున ఉండే ఆ నాలుగు పంక్తులు మాత్రం ఈ ప్రయాణంలో తరచు జారిపోతున్నాయి. డిజిటల్ పటరచనలో విద్యార్థులను వేధించే చిక్కులలో అధిక భాగం వాటిని పోగొట్టుకోవడం వల్ల పుట్టినవే. పటంలోని ప్రతి అంకెనూ “నీవు దేనిని ఆధారం చేసుకొని ఈ మాట చెబుతున్నావు?” అని ప్రశ్నించడం అలవడితే వాటిలో చాలా వరకు వాటంతట అవే విడిపోతాయి.

విషయం సుబోధకం కావడానికి మన హైదరాబాదు చెరువులనే ఉదాహరణగా గ్రహిద్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఈ నగరాన్ని ముంచెత్తింది. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వానలకు మరల అనేక బస్తీలు నీట మునిగాయి. చెరువుకు పూర్తి నీటిమట్టపు హద్దు ఒకటి ఉంటుంది. దానినే అధికారులు ఎఫ్.టి.ఎల్. అంటారు. 2012 నాటి ఉమ్మడి రాష్ట్రపు కట్టడాల నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ ఆ హద్దు నుండి 30 మీటర్ల మేర కట్టడాలు ఉండరాదు. దీనిని బఫర్ జోన్ అంటున్నాం. పటం మీద ఈ 30 మీటర్లు ఒక సన్నని గీత మాత్రమే. నేల మీద మాత్రం ఒక కుటుంబం జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇల్లు ఆ గీతకు లోపల ఉన్నదా, వెలుపల ఉన్నదా అన్నది దానితోనే తేలుతుంది. గీత చెరువు వైపునకు జరిగితే నీటి దారి మూసుకుపోయి దిగువ బస్తీలు మునుగుతాయి. ఊరి వైపునకు జరిగితే నిరపరాధికి నోటీసు వస్తుంది. కాబట్టి ఈ వ్యాసంలో ఆ 30 మీటర్లనే గీటురాయిగా ఉంచుకొని, ఒక్కొక్క చిక్కు దానిని ఎంతగా కదిలిస్తుందో పరిశీలిద్దాం.

అంకెల క్రమం

మొదటి చిక్కు అతి సామాన్యమైనది. చార్మినార్ అక్షాంశం సుమారు 17.36 ఉత్తరం, రేఖాంశం సుమారు 78.47 తూర్పు. సంభాషణలో మనం అక్షాంశాన్ని ముందు చెబుతాం. అనేక సాఫ్ట్‌వేర్లు మాత్రం గ్రాఫు కాగితం పద్ధతిలో అడ్డు కొలతను, అంటే రేఖాంశాన్ని, ముందు కోరుతాయి. ఈ రెండూ తారుమారైతే చార్మినార్ ఆర్కిటిక్ ప్రాంతంలో, నార్వేకు చెందిన స్పిట్స్‌బెర్గెన్ ద్వీపంలో తేలుతుంది. అదృష్టవశాత్తు ఇది వెంటనే కంటికి కనిపించే తప్పు. ఖాళీగా వదిలిన గడులను కంప్యూటరు సున్నాలుగా గ్రహించినప్పుడు ఆ బిందువులన్నీ ఆఫ్రికాకు పశ్చిమాన గినీ సింధుశాఖలో, భూమధ్యరేఖ సున్నా రేఖాంశాన్ని ఖండించే చోట, గుంపుగా చేరుతాయి. ఇదీ వెంటనే కనిపించేదే.

కంటికి కనిపించని తప్పు మరొకటి ఉంది. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో వ్రాసిన విలువను దశాంశంగా పొరబడడం. చార్మినార్ అక్షాంశం 17 డిగ్రీల 21 నిమిషాల 42 సెకన్లు. దీనిని తొందరలో 17.2142 అని ఎక్కిస్తే బిందువు 16 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. అది మన ప్రాంతంలోనే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. నిమిషాలను 60 చేత, సెకన్లను 3600 చేత భాగించి డిగ్రీలకు కలపడమే సరియైన విధానం, అప్పుడు 17.3617 వస్తుంది. పట్టికలోని విలువలలో దశాంశ బిందువు తరువాతి రెండంకెలు ఎక్కడా 59ని మించకపోతే, అవి నిమిషాలు అయి ఉండవచ్చునని శంకించవలెను.

ఆధార తలం

భూమి సంపూర్ణ గోళం కాదు. ధ్రువాల వద్ద కొంత చదునైనది. దాని ఆకారాన్ని గణితబద్ధం చేయడానికి ఒక దీర్ఘగోళాన్ని ఊహించి, దానిని భూమికి ఎక్కడ ఎలా అమర్చాలో నిర్ణయిస్తారు. ఈ ఏర్పాటును డేటం అంటారు. మన దేశంలో 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ఆరంభించిన మహా త్రికోణమితీయ సర్వే ఫలితంగా 1830 నాటి ఎవరెస్ట్ దీర్ఘగోళం రూపొందింది. మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ దానికి మూలస్థానం. భారత భూభాగానికి చక్కగా అమరేటట్లు దానిని సిద్ధం చేశారు. సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటాలన్నీ దాని మీద గీసినవే. ఉపగ్రహాల సాయంతో పనిచేసే జి.పి.ఎస్. మాత్రం భూకేంద్రాన్ని మూలంగా గ్రహించే డబ్ల్యు.జి.ఎస్. 84 అనే వేరొక డేటంను వాడుతుంది. 2005 జాతీయ పట విధానంతో ప్రజోపయోగ పటాలు కూడ ఈ డేటంకే మారాయి.

అంటే ఒకే అక్షాంశ రేఖాంశాల అంకెలు ఈ రెండు డేటంలలో నేల మీద రెండు వేర్వేరు చోట్లను సూచిస్తాయి. హైదరాబాదు ప్రాంతంలో ఆ ఎడం 150 మీటర్లకు పైబడి ఉంటుంది. మన గీటురాయి 30 మీటర్లే కదా! పాత టోపోషీటు నుండి చెరువు హద్దును గీసి, డేటం మార్చకుండా జి.పి.ఎస్. తో కొలిచిన ఇండ్లను దాని మీద పేర్చితే, బఫర్ వెడల్పుకు అయిదు రెట్లు మించిన దోషం ముందుగానే దూరి కూర్చుంటుంది. గీతలు ఎంత నాజూకుగా ఉన్నా ఆ పటం తీర్పునకు పనికిరాదు.

దీనికి పరిష్కారం రెండు దశలలో ఉంది. మొదట ఆ పటం ఏ డేటంలో ఉన్నదో తెలుసుకొని సాఫ్ట్‌వేరుకు ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. తరువాత కావలసిన డేటంలోకి గణితం ద్వారా మార్పించాలి. ఈ రెండూ వేర్వేరు పనులు. మొదటిది చీటీ అంటించడం, రెండవది సరుకును మార్చడం. చీటీ మార్చినంత మాత్రాన సరుకు మారదు. “నేను డబ్ల్యు.జి.ఎస్. 84 అని ఎంచుకున్నాను, అయినా పటం జరిగే ఉన్నది” అని విద్యార్థులు వాపోవడానికి ఈ భేదం తెలియకపోవడమే ముఖ్య కారణం.

గోళం నుండి చదునుకు

బత్తాయి తొక్కను చింపకుండా బల్ల మీద చదునుగా పరచలేము. గోళాకారమైన భూమిని కాగితం మీదికి తెచ్చే ప్రతి పద్ధతి, అనగా ప్రతి ప్రక్షేపం, దూరాన్నో, వైశాల్యాన్నో, దిశనో, ఆకారాన్నో కొంత బలిపెడుతుంది. ఇంటర్నెట్ పటాలలో విరివిగా వాడే వెబ్ మెర్కేటర్ ప్రక్షేపంలో భూమధ్యరేఖ నుండి దూరమయ్యే కొద్దీ వైశాల్యం ఉబ్బుతుంది. హైదరాబాదు వద్ద దానిని ఉన్నదున్నట్లు చదునుగా కొలిచితే నూరు ఎకరాల చెరువు సుమారు నూట పది ఎకరాలుగా కనిపిస్తుంది. శ్రీనగర్ వద్ద అదే నూరు ఎకరాలు నూట నలభై దాటుతుంది. చూడడానికి ఆ పటం తగినదే, కొలవడానికి తగదు.

పటం అక్షాంశ రేఖాంశాలలోనే ఉండగా కొలవబోతే మరొక వింత జరుగుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేరుకు తెలిసిన ప్రమాణం డిగ్రీ. చెరువు చుట్టూ బఫర్ గీయమని 30 అనే అంకె ఇస్తే అది 30 మీటర్లు కాదు, 30 డిగ్రీలు గీస్తుంది. మన దేశం ఉత్తర దక్షిణాలుగా వ్యాపించినదే దాదాపు 29 డిగ్రీలు! పోనీ మీటర్లను డిగ్రీలుగా మార్చి ఇద్దామంటే, డిగ్రీ అన్ని దిక్కులా సమానం కాదు. హైదరాబాదు వద్ద అక్షాంశపు డిగ్రీ సుమారు 110.7 కిలోమీటర్లు, రేఖాంశపు డిగ్రీ సుమారు 106 కిలోమీటర్లు.

కాబట్టి కొలతకు దిగే ముందు పటాన్ని మీటర్లలో ఉండే ప్రక్షేపంలోకి మార్చుకోవలెను. మనకు యు.టి.ఎం. పద్ధతి అనుకూలం. దీనిలో భూగోళాన్ని ఆరేసి డిగ్రీల రేఖాంశపు పట్టీలుగా విభజించారు. 78 నుండి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు 44వ పట్టీ. హైదరాబాదు అందులో ఉంది. కాని వికారాబాద్ పట్టణం 78 డిగ్రీలకు కొంచెం పడమరగా ఉన్నందున 43వ పట్టీలోకి వస్తుంది. రెండు పట్టీల అంకెలను కలిపి ఒకే పట్టికలో వ్రాస్తే పొరుగు ఊళ్ళు వందల కిలోమీటర్ల దూరంలో పడతాయి. రాష్ట్రమంతటికీ పని చేసేవారు ఒకే పట్టీని ఎంచుకొని చివరిదాకా దానినే పాటించాలి. గందరగోళం లేకుండా ప్రతి పద్ధతికి అంతర్జాతీయంగా ఒక సంఖ్య ఉంది. డబ్ల్యు.జి.ఎస్. 84 అక్షాంశ రేఖాంశాలకు 4326, ఉత్తరార్ధగోళపు 44వ పట్టీకి 32644. ఈ సంఖ్యను ఫైలు పేరులోనే చేర్చడం మంచి అలవాటు.

ఎత్తు విషయం

చెరువు హద్దును నిర్ణయించేది నీటిమట్టం, అంటే ఎత్తు. హుస్సేన్ సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు. జి.పి.ఎస్. యంత్రం కొలిచే మూలపు ఎత్తు సముద్రమట్టం నుండి కాదు, గణితం ఊహించిన దీర్ఘగోళపు ఉపరితలం నుండి. భూమ్యాకర్షణలోని హెచ్చుతగ్గుల వల్ల దక్షిణ భారతంలో ఈ రెండు తలాల మధ్య పెద్ద అంతరం ఉంది. హైదరాబాదులో అది సుమారు డెబ్బై మీటర్లు. కొన్ని యంత్రాలు దీనిని తామే సవరించి చూపుతాయి, కొన్ని చూపవు. తెలియక నమ్మినవాడు నిండు చెరువు ఒడ్డున నిలబడి తాను నీటికి డెబ్బై మీటర్ల అడుగున ఉన్నానని లెక్కకట్టవచ్చు. ఎత్తు తెలిసిన ఒక బెంచి మార్కు వద్ద మొదట యంత్రాన్ని పరీక్షించడం దీనికి సులభమైన విరుగుడు.

పాత పటాలు, ఉపగ్రహ చిత్రాలు

మూసీ వరద అనంతరం లియొనార్డ్ మున్ నేతృత్వంలో 1912-1915 మధ్య తయారైన హైదరాబాదు పటాలు చరిత్ర విద్యార్థులకు నిధి వంటివి. అటువంటి పటాన్ని స్కాన్ చేసి నేటి పటం మీద పరచాలంటే, రెండింటిలోను మారని స్థిర బిందువులను గుర్తించి జతచేయాలి. రోడ్ల మలుపులు మారుతాయి, చెట్లు పడిపోతాయి. చార్మినార్, మక్కా మసీదు వంటి కట్టడాల మూలలు నిలిచి ఉంటాయి. బిందువులన్నీ పటం నడుమనే ఉంటే అంచులు వంకరపోతాయి. కనుక నాలుగు మూలలకు పరచుకోవాలి. ఇంకొక హెచ్చరిక. సాధారణమైన ఎఫైన్ పద్ధతిలో మూడే బిందువులు ఇస్తే సాఫ్ట్‌వేరు శేషదోషాన్ని సున్నాగా చూపుతుంది. అది కచ్చితత్వానికి చిహ్నం కాదు. తప్పును పట్టుకోవడానికి నాలుగవ సాక్షి లేడన్న మాట. కొన్ని బిందువులను లెక్కలో చేర్చకుండా పక్కన ఉంచి, వాటితో తుది పటాన్ని పరీక్షించవలెను.

ఉపగ్రహ చిత్రంలో కొలతకు ఒక హద్దు ఉంటుంది. విస్తారంగా వాడే లాండ్‌శాట్ చిత్రాలలో ఒక్కొక్క చదరం నేల మీద 30 మీటర్లు. అనగా మన బఫర్ మొత్తం ఒక్క చదరంలో ఇమిడిపోతుంది. తెర మీద ఎంత పెద్దది చేసి చూచినా ఆ చదరంలో లేని వివరం పుట్టదు. తేదీ కూడ ముఖ్యం. మే నెల చిత్రంలో ఎండిన చెరువు, అక్టోబరు చిత్రంలో నిండిన చెరువు ఒకే హద్దును చూపవు. చిత్రంలో నాడు కనిపించిన నీరు వేరు, పూర్తి నీటిమట్టపు హద్దు వేరు.

అలాగే సెల్‌ఫోను ఆరు దశాంశాల వరకు అంకెలు చూపుతుంది. ఆరవ దశాంశం విలువ జానెడు దూరం కంటె తక్కువ. కాని ఆకాశం నిర్మలంగా కనిపించే చోట కూడ ఫోను కొలత అయిదు మీటర్ల అటూ ఇటూగా ఉంటుంది. ఎత్తయిన మేడల నడుమ ఇంకా చెడుతుంది. అంకెలు ఎక్కువైనంత మాత్రాన సత్యం ఎక్కువ కాదు.

అతకని హద్దులు, అతకని పేర్లు

చెరువుకు, పక్క సర్వే నెంబరుకు హద్దు ఒక్కటే. దానిని ఇద్దరు విద్యార్థులు వేరువేరుగా గీస్తే కొన్ని చోట్ల సన్నని ఖాళీలు, కొన్ని చోట్ల అతివ్యాప్తులు ఏర్పడతాయి. అప్పుడు కొంత నేల ఎవరికీ చెందదు, కొంత ఇద్దరికీ చెందుతుంది. గీసే ముందే స్నాపింగ్ సౌకర్యాన్ని తెరిచి ఉంచితే కొత్త గీత పాత గీతకు అతుక్కుంటుంది. గీసిన పిదప టోపాలజీ పరీక్ష నడిపి, మూతపడని, తనను తాను ఖండించుకొనే ఆకారాలను సరిదిద్దాలి. ఇటువంటి ఆకారాలు మిగిలి ఉన్నందువల్లనే అనేక మారులు విశ్లేషణ మధ్యలో ఆగిపోతుంది.

పట్టికలను పటంతో జోడించేటప్పుడు పేర్లు మోసగిస్తాయి. ఇబ్రహీంపట్నం రంగారెడ్డి జిల్లాలో ఉంది, జగిత్యాల జిల్లాలో ఉంది, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్.టి.ఆర్. జిల్లాలోనూ ఉంది. పైగా ఒకే పేరును ఆంగ్లంలో పలువురు పలు విధాల వ్రాస్తారు. కాబట్టి పేరుతో గాక, ప్రభుత్వం ప్రతి గ్రామానికి కేటాయించిన కోడు సంఖ్యతో జోడించాలి. ఆ సంఖ్య మొదట్లో సున్నా ఉంటే స్ప్రెడ్‌షీటు దానిని తినివేస్తుంది. కనుక ఆ వరుసను అంకెలుగా కాక అక్షరాలుగా భద్రపరచాలి. కాలం కూడ హద్దులను మారుస్తుంది. 2014లో తెలంగాణకు పది జిల్లాలు. 2016 అక్టోబరులో 31, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. 2011 జనాభా లెక్కలను నేటి జిల్లాల పటంతో నేరుగా జోడించలేము. మండలాల, గ్రామాల స్థాయికి దిగి తిరిగి కూర్చుకోవలసినదే.

ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు లిపి సమస్య ప్రత్యేకమైనది. ఎంతో శ్రమించి బస్తీల పేర్లను రెండు లిపులలోను ఎక్కిస్తే, మరొక కంప్యూటరులో తెరిచేసరికి అన్నీ ప్రశ్నార్థకాలై కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసి, యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో భద్రపరిస్తే ఈ బాధ ఉండదు. షేప్‌ఫైలు అనేది నిజానికి ఒక ఫైలు కాదు, ఒక కుటుంబం. ఆకారాలు ఒకదానిలో, పట్టిక ఇంకొకదానిలో, ప్రక్షేపపు వివరం వేరొకదానిలో ఉంటాయి. ఒక్కదానినే పంపితే మిగిలిన సమాచారం ఇంటివద్దనే ఉండిపోతుంది. పైగా అందులో పట్టిక శీర్షికలు పది అక్షరాలకు మించి నిలువవు. జియోప్యాకేజీ అనే నూతన రూపంలో అంతా ఒకే ఫైలులో ఇమిడి, లిపులు సురక్షితంగా ఉంటాయి.

విశ్లేషణలో మెలకువలు

పటం సరిగా అమరిన తరువాత కూడ దాని నుండి తప్పు నిర్ణయం తీయవచ్చు. ఉదాహరణకు నలభై వేల జనాభా గల వార్డులో 80 డెంగ్యూ కేసులు, అయిదు వేల జనాభా గల వార్డులో 25 కేసులు ఉన్నాయనుకుందాం. కేసుల సంఖ్యకు రంగులు వేస్తే మొదటి వార్డు ఎర్రబడుతుంది. వెయ్యిమందికి లెక్కిస్తే మొదటిదానిలో 2, రెండవదానిలో 5. మందు చల్లే బండి ముందుగా ఎక్కడికి వెళ్ళాలో ఈ రెండవ లెక్కే చెబుతుంది.

హద్దులు గీసే తీరు కూడ ఫలితాన్ని మారుస్తుంది. సమాన జనాభా గల రెండు బస్తీలలో వెయ్యికి 9, వెయ్యికి 1 చొప్పున జబ్బు ఉంటే, వాటిని ఒకే వార్డుగా కలిపినప్పుడు సగటు 5 వస్తుంది. బాధపడుతున్న బస్తీ కనుమరుగవుతుంది. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు డాక్టరు జాన్ స్నో మరణాలను పెద్ద ప్రాంతాల మొత్తాలుగా గాక ఇంటింటి వారీగా పటం మీద గుర్తించాడు. అందువల్లనే అవి ఒక నీటి పంపు చుట్టూ గుమికూడినట్లు స్పష్టమైంది. వీలైనంత చిన్న ప్రమాణంలో సమాచారాన్ని సేకరించడం, వేర్వేరు హద్దులతో ఫలితాన్ని సరిచూచుకోవడం విశ్లేషకుని ధర్మం.

చేయవలసిన పని

పైన చెప్పినదంతా ఆచరణలో ఒక్క పుటలో ఇమిడిపోతుంది. ప్రతి పటానికి ఒక చిట్టా పుట ఉండాలి. అందులో మూలం ఏది, తయారైన తేదీ ఏది, డేటం, ప్రక్షేపం ఏవి, కొలత ప్రమాణం ఏది, అంచనా దోషం ఎన్ని మీటర్లు, ఏ మార్పులు ఎవరు ఎప్పుడు చేశారు అన్న వివరాలు వ్రాయాలి. దానితో పాటు పటాన్ని తీసుకొని నేల మీదికి పోయి కనీసం పది చోట్ల సరిచూడాలి. దోషం 10 మీటర్లని తేలితే ఆ సంగతి పటం మీద వ్రాయాలి. బఫర్ గీతకు 10 మీటర్ల లోపు ఉన్న ఇండ్లను “లోపల”, “వెలుపల” అని తేల్చక, “తిరిగి కొలవవలసినవి” అని వేరుగా చూపాలి. పటం తన హద్దును తాను ఒప్పుకొన్నప్పుడే ఇతరుల హద్దులను చెప్పే అర్హత దానికి కలుగుతుంది.

ఈ విద్యకు పెద్ద పెట్టుబడి అవసరం లేదు. క్యూజిస్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా లభిస్తుంది. సామాన్యమైన కంప్యూటరు మీద నడుస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం, మన దేశపు భువన్ పటాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. మన నగరంలోనే బాలానగర్‌లో జాతీయ దూరసంవేదన కేంద్రం, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉన్నాయి. కళాశాల కమిటీవారు భూగోళ, గణిత, కంప్యూటరు శాఖలను కలిపి, ఏడాదికి ఒక చెరువును గాని ఒక బస్తీని గాని ఎంచుకొని, చిట్టా పుటతో సహా పటం తయారు చేయించే ఏర్పాటు చేస్తే, కొన్నేళ్ళలో మన గ్రంథాలయంలో నగరానికి పనికివచ్చే పటాల బీరువా ఒకటి సిద్ధమవుతుంది. నోటీసు అందుకున్న గృహస్థుడు గాని, నీట మునిగిన బస్తీవాసి గాని ఏనాడైనా వచ్చి అడిగితే, చూపగలిగిన పటం, దాని వెనుక నిలువగలిగిన లెక్క మన విద్యార్థుల చేతిలో ఉంటాయి.